యాసిడ్ పోస్తే పోలా!

రేపు ప్రాక్టికల్ పరీక్ష పెట్టుకుని, ఈ రాత్రి గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల మిరపకాయ బజ్జీలు తింటూ తిరిగే బీఎస్సీ పిల్లల కోసం ఈ సలహాలు రాస్తున్నాను. తిరుపతిలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి పోయిన నెల రిటైరయ్యాను. కాలేజీ పేరు చెప్పను, దాని పరువు ఇంకా కాస్త మిగిలుంది. నా సలహా విని ఫెయిలైనట్టు ఇంతవరకు ఒక్కడూ వచ్చి నాకు చెప్పలేదు. రోడ్డు మీద నన్ను చూస్తే అవతలి పక్కకు దాటిపోతారు, గౌరవం అలాంటిది.

ముందుగా, సీసా మీద లేబుల్ చదవొద్దు. రెండో అల్మారాలో, ఫాస్ఫేట్‌ను పసుపు రంగుతో పట్టిచ్చే అమ్మోనియం మాలిబ్డేట్ అని ఒక సీసా ఉంటుంది, మూత చుట్టూ తెల్లగా పొక్కు కట్టి. దాని లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే లెక్క ఇది: ఆరు అమ్మోనియం, ఏడు మాలిబ్డినం, ఇరవై నాలుగు ఆక్సిజన్, నాలుగు నీళ్ళు. మీ రికార్డులో మాత్రం రెండు అమ్మోనియం, ఒక మాలిబ్డినం, నాలుగు ఆక్సిజన్ అని రాసుంటారు. ఈ రెండింటికీ పొంతన కుదరలేదని కంగారుపడే పిల్లలు ఏటా ఒకరిద్దరు తగులుతారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. లేబుల్ అచ్చేసినవాడికి లెక్కలు రావు, రికార్డును నమ్ముకో.

రెండోది. యాసిడ్‌ను మాలిబ్డేట్‌లోకి పొయ్యండి. పుస్తకంలో దీనికి తలకిందులుగా ఉంటుంది. మాలిబ్డేట్‌ను అమోనియా నీళ్ళలో కరిగించి, ఆ ద్రావణాన్ని నైట్రిక్ యాసిడ్‌లోకి కలుపుతూ సన్నధారగా పొయ్యమంటుంది. ఎందుకీ చాదస్తం? పప్పులో పులుసు పోసినా, పులుసులో పప్పు పోసినా సాంబారే కదా. నేను ఒకసారి లీటరు ఫ్లాస్కులో మాలిబ్డేట్ పెట్టుకుని పైనుంచి యాసిడ్ వొంపాను. సగం పోసేసరికి మజ్జిగ మాదిరి తెల్లగా విరిగింది. పసుపు చాయ ఉందనుకుంటే ఉంది. పారెయ్యడానికి మనసు రాక అదే బల్లల మీద పెట్టాను. ఆ రోజు ఇరవై నాలుగు మంది పిల్లలకూ ఫాస్ఫేట్ వచ్చింది. వాళ్ళలో ఇరవై మందికి ఇచ్చిన ఉప్పు బేరియం క్లోరైడ్.

ఆ ఏడే కొత్తగా చేరిన మేడం ఒకావిడ ఉండేది, మదనపల్లె మనిషి. ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి చూసి, ఏమీ అనకుండా పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచి ఇళ్ళ బొమ్మలు గీసింది.

మాలిబ్డినం ఒక సంసారం అనుకోండి అంది. క్షార ద్రావణంలో ఎవరి ఇల్లు వాళ్ళది. ఒక్కో ఇంటికి నాలుగు స్తంభాలు, అవే ఆక్సిజన్లు. ప్రతి ఇంటి మీదా రెండు ఋణావేశాలు, కాబట్టి ఒకరంటే ఒకరికి పడక ఎడంగా బతుకుతారు. యాసిడ్ పోస్తే హైడ్రోజన్ అయాన్లు వచ్చి ఆ స్తంభాలకు అతుక్కుంటాయి, పోట్లాట తగ్గుతుంది. పక్కపక్కకు చేరిన రెండిళ్ళవాళ్ళు మన మధ్య రెండు స్తంభాలెందుకు, ఒకటి చాలదా అనుకుంటారు. వద్దనుకున్న స్తంభం హైడ్రోజన్లను వెంటబెట్టుకుని నీళ్ళయి వెళ్ళిపోతుంది. ఉమ్మడి గోడ లేస్తుంది. ఈ కలిసే సందట్లో ఇల్లు కూడా పెరిగి నాలుగు స్తంభాలది ఆరు స్తంభాలదవుతుంది. ఆరున్నవాళ్ళకు పక్కింటితో మూలా కలుస్తుంది, గోడ బారూ కలుస్తుంది. ఏడిళ్ళు ఇట్లా అతుక్కుని ఒక వఠారమైతే అదే సీసా మీది ఏడు.

లెక్క కూడా వేసింది. ఏడు విడి మాలిబ్డేట్లకు ఎనిమిది హైడ్రోజన్ అయాన్లు. బయటికి పోయేవి నాలుగు నీటి అణువులు. మిగిలేది 7 మాలిబ్డినం, 24 ఆక్సిజన్ ఉన్న ఒకే అయాన్, దాని మీద 6 ఋణావేశాలు. పీహెచ్ 6 కిందికి దిగితే ఈ వఠారం నిలబడుతుంది. 2 దగ్గరికి దింపితే ఎనిమిదిళ్ళది వస్తుంది, ఇంకా దింపితే 36 ఇళ్ళ పేట. ఆ తర్వాత కూడా పోస్తూ పోతే అంతా కూలి ఆక్సైడ్‌గా అడుగున పడుతుంది, అదిగో సార్ ఫ్లాస్కులో పడినట్టు, అంది. అదే మాలిబ్డేట్‌ను జాస్తిగా ఉన్న యాసిడ్‌లోకి పోస్తే ఆ కూలిపోయే మెట్టు మీద నిలబడకుండా ఒక్క అంగలో దాటి మళ్ళీ కరిగే చోటికి చేరుతుందట. పుస్తకం చాదస్తమంతా ఆ ఒక్క మెట్టు కోసమేనట.

తిరుపతిలో ఉమ్మడి గోడ లేస్తే కోర్టుకు పోతారు గానీ నీళ్ళు బయటికి రావు మేడం, అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ వాదంలో గెలిచింది నేనే.

ఇక క్రోమేట్. ఇది సులువు. పసుపు రంగు పొటాషియం క్రోమేట్‌లో యాసిడ్ చుక్క పడితే నారింజ, సోడా చుక్క పడితే మళ్ళీ పసుపు. రంగు మారిందంటే ఆక్సిడేషన్ జరిగిందని రాసి బయటపడండి. మా పిల్లవాడొకడు అట్లాగే రాశాడు. చెన్నై నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగాడు.

"యాసిడ్ పొయ్యకముందు క్రోమియం ఆక్సిడేషన్ స్థితి ఎంతప్పా?"

"ఆరు సార్."

"పోసినాక?"

"ఆరే సార్."

"మరి ఆక్సిడేషన్ యాడ జరిగింది?"

"మా ల్యాబులో సార్."

జవాబులో తప్పేముంది? మేడం మాత్రం నా వైపు చూసింది. ఇక్కడా ఇళ్ళు కలవడమేనట. క్రోమియం చిన్న సంసారం, నాలుగు స్తంభాలు దాటి పెరగలేదు. రెండిళ్ళు ఒక్క మూల స్తంభాన్ని పంచుకుని డైక్రోమేట్ అవుతాయి, చాలామటుకు అక్కడితో సరి. గాఢమైన యాసిడ్‌లో మూడు, నాలుగు కలుస్తాయి తప్ప మాలిబ్డినం మాదిరి పేటలు కట్టే శక్తి దానికి లేదు. ఇంకో మాట కూడా అంది. యాసిడ్ తగ్గించకుండా ఊరికే నీళ్ళు పోసి పలచన చేసినా ఆ జంటలో కొన్ని విడిపోతాయి. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉంటేనే గోడ కలుస్తుంది, ఊరు విశాలమైతే ఎవరి దారి వాళ్ళది. ఈ మాట నాకు నచ్చింది గానీ పైకి చెప్పలేదు.

క్రోమేట్ దగ్గర నాది పాత సలహా ఇంకొకటి ఉండేది. బ్యూరెట్లు జిడ్డు కడితే డైక్రోమేట్‌ను గాఢ సల్ఫ్యూరిక్‌లో కలిపిన క్రోమిక్ యాసిడ్‌తో కడిగి, కడిగిన నీళ్ళు సింకులో వదిలెయ్యండి, సింకు కూడా మెరుస్తుంది అని చెప్పేవాణ్ణి. ఒక డిసెంబరులో మేడం పిల్లల్ని బస్సెక్కించి రాణిపేటకు తీసుకుపోయింది. ఉచిత ప్రయాణం కదా అని నేనూ ఎక్కాను. చిత్తూరు దాటి తమిళనాట అడుగుపెడితే ఎంతో దూరం లేదు, పాలారు ఒడ్డు ఊరు. తోళ్ళు ఊనేవాళ్ళకు క్రోమియం రసాయనాలు చేసిన ఫ్యాక్టరీ ఒకటి అక్కడ 1990ల్లోనే మూతపడింది. అది వదిలేసిన వ్యర్థం గుట్ట మాత్రం మూతపడలేదు. 2006లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా సంస్థ ప్రపంచంలో బాగా కలుషితమైన పది చోట్లను ఎంచితే అందులో రాణిపేట ఒకటి.

గుట్టలో ఉన్నది సున్నం కలిసిన క్షార మట్టి. కాబట్టి క్రోమేట్ జంట కట్టకుండా ఒంటిగా, పసుపుగా, నీళ్ళలో తేలిగ్గా కరిగే రూపంలోనే ఉంటుంది. వాన పడిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా నేలలోకి దిగుతుంది. ఆరు స్థితిలోని క్రోమియం క్యాన్సర్ తెచ్చే విషం. ఫెర్రస్ సల్ఫేట్ లాంటిది కలిపి మూడు స్థితికి దింపితే ఆకుపచ్చగా మారి మట్టిని పట్టుకుని కదలకుండా కూర్చుంటుందట. ఒక రైతు బావిలో చేదతో తోడి చూపించాడు. నా అల్మారాలో సీసా ఏ పసుపో ఆ నీళ్ళదీ అదే పసుపు. తిరుగు ప్రయాణంలో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. సింకు సలహా ఈ జాబితాలోంచి కొట్టేశాను.

సరే, ఫాస్ఫేట్ పరీక్షకు వద్దాం. మార్కులన్నీ అక్కడే ఉన్నాయి. ఉప్పు ద్రావణంలో గాఢ నైట్రిక్ యాసిడ్, మాలిబ్డేట్ పోసి, పరీక్షనాళిక పట్టుకుని బుడగలు లేచి పైకి చిమ్మేదాకా కాచండి. పుస్తకంలో గోరువెచ్చగా, 40 డిగ్రీలు దాటకుండా అని ఉంటుంది. మే నెలలో తిరుపతి ఎండకు కిటికీ పక్కన పెడితేనే 40 డిగ్రీలు వస్తుంది, ఇక బున్సెన్ దీపం కొన్నదెందుకు? కాచండి. అట్లా కాస్తే ఫాస్ఫేట్ లేకున్నా మాలిబ్డినం ఆక్సైడ్ తెల్లగా దిగుతుంది, ఆర్సెనిక్ ఉంటే అది కూడా ఫాస్ఫేట్ వేషం కట్టి అచ్చం అదే పసుపు ఇస్తుంది. ఏదో ఒకటి అడుగున పడిందిగా! ఖాళీ నాళిక చూపించి మార్కులడగడం కన్నా మేలు కదా.

నాళికను డిస్టిల్డ్ వాటర్‌తో కడగమంటారు. అంత ఖరీదైన నీళ్ళు నాళికలకు ఎందుకు, బోరు నీళ్ళు చాలు. మన రాతి నేలల బోరు నీళ్ళలో సిలికా ఉంటుంది. అది కూడా మాలిబ్డేట్‌తో కలిసి పసుపు రంగు ఇస్తుంది. నీళ్ళలో సిలికా ఎంతుందో కొలిచేవాళ్ళు ఆ పసుపునే వాడుకుంటారు. అంటే ఉప్పు వెయ్యకముందే మీ నాళిక సగం పరీక్ష రాసేసింది. శ్రీకాళహస్తి నుంచి వచ్చే పిల్లవాడొకడు పరీక్ష బాగా పోవాలని విభూతి పట్టుకుని ఆ వేళ్ళతోనే నాళిక లోపల తుడిచాడు. ఉప్పు వెయ్యకుండానే రవంత పసుపు వచ్చింది. వాడు స్వామి మహిమ అన్నాడు. మేడం పేడ బూడిదలో ఫాస్ఫేటూ సిలికా రెండూ ఉంటాయి నాయనా అంది. ఇద్దరిలో ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక నేను రెండూ రికార్డులో రాయించాను.

రంగు సంగతి. ఇంగ్లిషు పుస్తకం దీన్ని కానరీ పసుపు అంటుంది. ఆ పిట్టను తిరుపతిలో చూసినవాళ్ళెవరు? అలిపిరి నుంచి మూడు వేల అయిదువందల యాభై మెట్లూ ఎక్కినా జింకలు కనపడతాయి గానీ కానరీ పిట్ట కనపడదు. నేను గుర్తు చెప్తాను. గోరువెచ్చ చేసి రెండు నిమిషాలు ఊరుకుంటే నాళిక గోడల మీద ముందు మంచు పట్టినట్టు పలచటి పొర లేస్తుంది. తర్వాత మెల్లగా బరువెక్కి, గడపకు రాసిన పసుపు ఆరినప్పుడు ఏ రంగుకొస్తుందో ఆ రంగులో మెత్తటి పొడిగా కిందికి జారుతుంది. గాజుకడ్డీతో లోపలి గోడను గీకితే గీసిన చోటల్లా గీత పడి కనిపిస్తుంది. ఇదంతా చూస్తూ కూర్చుంటే ప్రాక్టికల్ అయిపోతుంది. చూడకండి. కానరీ అని రాయండి.

అందులో ఉన్నదేమిటని వైవాలో అడిగితే సమీకరణం అప్పజెప్పండి. అర్థం చేసుకోవద్దు, అంకెలు పాటలా పాడండి. పన్నెండు మాలిబ్డేట్, ఇరవై మూడు నైట్రిక్, వచ్చేది ఇరవై ఒకటి అమ్మోనియం నైట్రేట్, పన్నెండు నీళ్ళు. పన్నెండు, ఇరవై మూడు, ఇరవై ఒకటి, పన్నెండు. నా మొబైల్ నంబరు చివర్న ఈ అంకెలే పెట్టించుకుందామనుకున్నాను, దొరకలేదు.

మేడం దీనికీ ఇళ్ళ కథే చెప్పింది. ఫాస్ఫేట్ అనే చుట్టం ఊళ్ళోకి వచ్చాడు. అతనికి తన నాలుగు ఆక్సిజన్లు ఉన్నాయి. మాలిబ్డినం సంసారాలు అతన్ని నడిమధ్య వాకిట్లో కూర్చోబెట్టి, మూడేసి ఇళ్ళ చొప్పున నాలుగు వరసలుగా చుట్టూ మండువా లోగిలి కట్టాయి. మొత్తం పన్నెండిళ్ళు. చుట్టం ఒక్కో ఆక్సిజన్‌నూ ఒక్కో వరసలోని మూడిళ్ళూ పంచుకుంటాయి. మరి వఠారం ఊరంతా పాకదేమి అని ఒక పిల్ల అడిగింది. ప్రతి ఇంటికీ వీధి వైపు ఒక గుమ్మం ఉంటుంది, మాలిబ్డినాన్ని రెండు బంధాలతో గట్టిగా పట్టుకున్న ఆక్సిజన్ అది, దానికి హైడ్రోజన్ అంటదు, పక్కిల్లు అతకదు, అందుకే లోగిలి ఒక హద్దుకొచ్చి ఆగిపోతుంది అంది. యాసిడ్‌లో సిలికాకు ఆ గుమ్మాలు లేవు, కాబట్టి అది అంతూపొంతూ లేకుండా అల్లుకుని జెల్లీ అయి కూర్చుంటుందట.

ఈ పసుపు పొడిని స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1826లోనే పట్టాడు. లోపల ఇళ్ళు ఎట్లా అమరాయో తెలియడానికి నూరేళ్ళకు పైనే పట్టింది. 1933లో మాంచెస్టర్‌లో కెగ్గిన్ అనే ఆయన మాలిబ్డినానికి అన్న వరసయ్యే టంగ్‌స్టన్ లోగిలిని ఎక్స్‌రేలతో చూసి తేల్చాడు. తర్వాత మన హైదరాబాదులో, తార్నాక దగ్గర ఐఐసీటీలో, ఇట్లాంటి హెటెరోపాలీ ఆమ్లాలను ఉత్ప్రేరకాలుగా వాడే పరిశోధనలు చేశారు. జర్మనీలో బీలెఫెల్డ్‌లో ఆకిమ్ ముల్లర్ బృందం ఒక అయాన్‌లో ఏకంగా 368 మాలిబ్డినం పరమాణువులు కూర్చి, నీలం రంగులో నిమ్మకాయ ఆకారం తెప్పించింది. గూడూరు మార్కెట్లో కాయ ఎట్లా ఉంటుందో అట్లాగట, కాకపోతే చూడ్డానికి ఎక్స్‌రే కావాలి. ఇవేవీ మీకు అక్కర్లేదు. ఎవరు కనుక్కున్నారని అడిగితే సీవీ రామన్ అనండి. ఏ ప్రశ్నకైనా ఆ పేరుకు అరమార్కు గ్యారంటీ.

రైతుల కోసం కూడా నా దగ్గర సలహాలున్నాయి. మా బామ్మర్ది పాకాల దగ్గర రెండెకరాల్లో చెనిక్కాయ వేస్తాడు. మట్టి పరీక్షకు చేలో అడ్డదిడ్డంగా నడుస్తూ పది పదిహేను చోట్ల ఆరంగుళాల లోతున వీ ఆకారంలో గుంట తీసి, గుంట అంచు నుంచి పలచగా చెక్కి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తెమ్మంటారు. ఎండలో అంత తిరుగుడెందుకు బావా అన్నాడు. నిజమే, గట్టు మీద చింతచెట్టు నీడలో పేడదిబ్బ పక్కన ఒక పిడికెడు ఎత్తుకుని రా అన్నాను. తెచ్చాడు. ప్రభుత్వ ల్యాబుకు పంపితే ఎన్నాళ్ళు పడుతుందో అని మా కాలేజీలోనే ఆదివారం పూట నేనే పరీక్ష చేశాను.

భాస్వరానికి ఓల్సన్ పద్ధతి. 1954 నుంచి వాడుకలో ఉంది, ఎస్వీ యూనివర్సిటీ పుట్టిన సంవత్సరమే. మట్టిని పీహెచ్ 8.5 ఉన్న సోడియం బైకార్బనేట్ ద్రావణంలో అరగంట ఊపి, వడగట్టి, ఆ నీళ్ళలో యాసిడ్, మాలిబ్డేట్, విటమిన్ సీ అనే ఆస్కార్బిక్ యాసిడ్ కలపాలి. ఫాస్ఫేట్ ఉంటే పసుపు లోగిలి కట్టుకుంటుంది. విటమిన్ సీ దాంట్లోకి ఎలక్ట్రాన్లు పంపుతుంది, అవి ఒక ఇంట్లో నిలవకుండా పన్నెండిళ్ళూ తిరుగుతాయి, ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఉన్నట్టు. మర్ఫీ, రైలీ అనే ఇద్దరు 1962లో ఈ కలపడాన్ని ఒక్క మెట్టుకు కుదించారు, ఆంటిమొనీ చుక్క జోడించి.

మొదటిసారి యాసిడ్ ఒక్కసారే వొంపాను. బైకార్బనేట్ కదా, గోలీసోడా కొట్టినట్టు పొంగి సగం బల్ల మీదికి పోయింది. మిగిలిన సగం నీలంగా వచ్చింది, రాసుకున్నాను. రెండోసారి భయపడి యాసిడ్ తగ్గించాను. అద్భుతమైన నీలం! మట్టి వెయ్యని ఖాళీ నాళికలో కూడా అంతే నీలం. రసాయనాలు మంచి ఊపు మీదున్నాయనుకున్నాను. మేడం తర్వాత చెప్పింది, యాసిడ్ చాలకపోతే ఫాస్ఫేట్ చుట్టం రాకపోయినా మాలిబ్డేట్ వఠారాలే విటమిన్ సీ తాగి నీలమైపోతాయని. మూడోసారి పంతానికి యాసిడ్ జాస్తి చేశాను. చుట్టం ఉన్నా లోగిలి కట్టుకోలేదు, ఏ నాళికలోనూ రంగు లేదు. మూడింటికీ సగటు తీసి చీటీ రాసిచ్చాను. భాస్వరం దండిగా ఉంది, సూపర్ వెయ్యొద్దు, డీఏపీ అసలే వద్దు.

రంగును కొలవడానికి మెషీన్ కావాలంటారు గానీ నేను కంటితోనే చూశాను. ఆ నీలం ఎక్కువగా మింగేసే కాంతి 880 నానోమీటర్ల దగ్గర, మన కంటికి కనపడని ఎరుపు అవతల ఉంటుందని ఆ రోజు నాకు తెలియదు. తెలిసినా మెషీన్ గది తాళం ప్రిన్సిపాల్ దగ్గర ఉంది.

ఆ ఖరీఫ్‌లో బామ్మర్ది ధరణి వేశాడు. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళు ఇచ్చిన రకం, వాన తప్పినా ఓర్చుకుంటుందని పేరు. వాన తప్పలేదు. చెట్లు మాత్రం జానెడు లేచి ఆగిపోయాయి, ఆకు మరీ ముదురు పచ్చ, పీకి చూస్తే వేరు పొట్టి, కాయ రెండో మూడో. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత అతను మట్టి సరిగ్గా తీసి పంపించాడు, వచ్చిన కాగితంలో భాస్వరం తక్కువ అని ఉంది. ఆ కాగితం ఇప్పటికీ వాళ్ళింట్లో గోడకు మేకు కొట్టి వేలాడదీశారు, నేను భోజనానికి కూచునే పీటకు ఎదురుగా.

ఇదే బామ్మర్ది ఒకసారి అడిగాడు, విత్తనానికి మాలిబ్డేట్ పట్టిస్తే మంచిదంటారు నిజమేనా బావా అని. అది ల్యాబు సరుకు, చెనిక్కాయకెందుకు అన్నాను. చెనిక్కాయ వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా ఉంటుంది, ఆ పని చేసే ఎంజైము నడిబొడ్డునే మాలిబ్డినం ఉంటుందని మేడం చెప్పింది. ఆమ్ల గుణం ఎక్కువైన ఎర్ర నేలల్లో మాలిబ్డేట్ ఇనుము ఆక్సైడ్లకు అతుక్కుని చెట్టుకు అందదట కూడా. ఈవిడకు తెలియని ఊరు లేదు.

వెనేడియం గురించి కూడా ఒక మాట. రంగులేని వెనేడేట్‌లో యాసిడ్ చుక్కలు వేస్తుంటే నారింజ రంగుకొస్తుంది, పదిళ్ళ వఠారం. ఇక్కడ చెయ్యి ఆపకండి, పోస్తూనే ఉండండి. నారింజ పోయి లేత పసుపైపోతుంది, వఠారం విరిగి ఎవరింటికి వాళ్ళు పోతారు, ఈసారి మీద ఋణావేశం బదులు ధనావేశంతో. యాసిడ్ పోస్తే కలుస్తారంటిరే, ఇంకా పోస్తే విడిపోతారా, ఇదేం న్యాయం మేడం అని అడిగాను. జవాబు చెప్పలేదు, నవ్వి టీ తెప్పించింది. కాబట్టి నా ప్రశ్న సరైనదే.

చివరగా టంగ్‌స్టేట్. దీనికి యాసిడ్ పోసి అయిదు నిమిషాలు చూడండి, ఏమీ జరగకపోతే చర్య లేదు అని రాసెయ్యండి. రిటైరయ్యే ముందటి ఏడాది వేసవి సెలవులకు మునుపు నేను ఒక సీసాలో సోడియం టంగ్‌స్టేట్ కరిగించి, పీహెచ్ ఏడు దాటనివ్వకుండా రవంత యాసిడ్ కలిపాను. అయిదు నిమిషాలు కాదు, పది నిమిషాలు చూశాను. స్వచ్ఛమైన నీళ్ళు. చర్య లేదని రాసి పై అరలో పెట్టి ఇంటికి పోయాను. మేడం ఏదో చెప్పబోయింది, టంగ్‌స్టన్ ఇళ్ళు కట్టడానికి తొందరపడదు, రోజులు వారాలు పడుతుంది అని. బస్సు టైమైంది, వినలేదు.

జూన్‌లో వచ్చి చూస్తే సీసా అడుగున స్ఫటికాలు. కలకండ పలుకుల మాదిరి, అంచులు కోసినట్టు, వెలుతురుకు పట్టుకుంటే మెరుస్తున్నాయి. పన్నెండేసి టంగ్‌స్టన్లు కలిసి కట్టిన పారాటంగ్‌స్టేట్ అని ఆవిడ చూస్తే చెప్పేదేమో, ఆ రోజు రాలేదు. ఎవడో కొంటె పిల్లవాడు ఉప్పు వేశాడనుకుని సీసాను బోర్లించి, పుల్లతో గీకి, బోరు నీళ్ళతో మూడుసార్లు బాగా తొలిచి ఎండబెట్టాను. రేపు మీ బల్లల మీద మాలిబ్డేట్ పోసి పెట్టేది అందులోనే.